ఏటికి విడిచిన లంక

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక జనం గుండెలు దడదడలాడతాయి. వేసవిలో పాయకు అడ్డంగా వేసుకున్న మట్టిబాట వరదకు కొట్టుకుపోతుంది. ఆపైన బడికైనా ఆసుపత్రికైనా పడవే దిక్కు. ఎన్నో ఏళ్లుగా ఇదే తంతు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీచేస్తారు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వచ్చింది. 1986 ఆగస్టులో అయితే ఏకంగా 35 లక్షలు దాటింది.

ఇంత నీరూ సముద్రం చేరేలోగా ఎక్కడ పడుతుంది?

కోనసీమలో గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల పొడవునా రెండువైపులా ఏటిగట్లున్నాయి. ఆ గట్ల నడుమ నది తన ఒండ్రుతో తానే కట్టుకున్న నేలలు లంకలు. వరద వాటి మీదకు పరుచుకున్నప్పుడు లోతు తగ్గుతుంది, వడి తగ్గుతుంది, మోసుకొచ్చిన మట్టి కిందికి దిగుతుంది. ఆ వెడల్పు మూసుకుపోతే అదే నీరు ఎత్తుకు లేస్తుంది. గట్టు మీద ఒత్తిడి పెరిగి, అడుగున ఊటలు పుట్టి, బలహీనమైన చోట గండి పడుతుంది. 2006 వరదలో కోనసీమ ఆ నష్టం చవిచూసింది. ఆ తర్వాత గట్ల ఎత్తు పెంచారు. కానీ ఎంత ఎత్తు గట్టయినా నదికి చోటు చూపించదు.

ఒండ్రు పుణ్యమా అని లంకల్లో కూరగాయలు, అరటి, పొగాకు బాగా పండుతాయి. అందుకే రైతు అంత తేలిగ్గా లంకను వదులుకోడు. అయితే అన్ని లంకలూ ఒకటి కావు. ముమ్మిడివరం మండలంలో గురజాపులంక, కూనలంక వైపు గౌతమి కోతకు కొబ్బరి చెట్లు వేళ్లతో సహా ఏట్లోకి ఒరిగిపోతున్నాయి. మరికొన్ని చోట్ల ఒక్క వరదకే సాగునేల మీద ఇసుక మేట వేస్తుంది. దాన్ని తీయించే ఖర్చుకు ఏ పంటా సరితూగదు. ఏటికి బలవుతున్న ఈ పల్లపు నేలలనే, ఊళ్లనూ మెరక లంకలనూ ముట్టుకోకుండా, సాగు నుంచి తప్పించి నదికి విడిచిపెట్టడం మేలు.

విడిచిపెట్టడమంటే బీడు పెట్టడం కాదు. రెల్లు గడ్డి ఇందుకు చక్కని ఉదాహరణ. నేల కింద పాకే దాని దుంపవేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. వరద వచ్చినప్పుడు దుబ్బు వంగి నీటికి దారి ఇస్తుంది, నీరు తీయగానే మళ్లీ చిగురిస్తుంది. అదే సరుగుడు తోటను దట్టంగా పెంచితే కాండాలు ప్రవాహానికి అడ్డుపడి ఎగువన నీటిమట్టం పెరుగుతుంది. అందువల్ల ప్రవాహం పోయే నడిమి భాగంలో గడ్డి, ఒరవడి తక్కువగా ఉండే అంచుల్లో చెట్లు ఉండాలి. ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు; నీటికి అడ్డుపడే పనులను అదుపు చేయడానికి 1884లోనే నదీ పరిరక్షణ చట్టం వచ్చింది.

కోసుకుపోయిన లంక తిరిగి పేరుకోవడం ఇప్పుడు అంత సులువు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, కాకాని నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల మట్టిని తెచ్చేది. 1990లకు అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువ ఆనకట్టలు మట్టిని ఆపేయడమే కారణం. ఉన్న మట్టిని వేళ్లతో పట్టి ఉంచుకోవడం అందుకే అంత అవసరం.

జనం అలికిడి తగ్గిన నేలకు జీవాలు వాటంతటవే చేరతాయి. గౌతమి ముఖద్వారాన ఉన్న కోరింగ అభయారణ్యం 1978 నుంచి నీటికుక్కలకు, చేపలు పట్టే బావురుపిల్లికి ఆశ్రయమిస్తోంది. ఎగువ లంకల్లో రెల్లు దుబ్బులు, నీటిగుంటలు మిగిలితే పక్షులకూ చేపపిల్లలకూ ఏటి పొడవునా మజిలీలు ఏర్పడతాయి.

నెదర్లాండ్స్ ఈ దారిలో చాలా దూరం నడిచింది. 1995 వరదల్లో అక్కడ దాదాపు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత 30కి పైగా చోట్ల నదికి స్థలం పెంచారు. నైమేఖన్ నగరం దగ్గర గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి కొత్త పాయ తవ్వారు. నడుమ మిగిలిన దీవి ఇప్పుడు జనం షికారు చేసే పార్కు. ఓవర్‌డీప్ అనే చోట రైతులను వెళ్లగొట్టలేదు. వాళ్లతోనే మాట్లాడి ఎత్తయిన దిబ్బలు పోసి, వాటి మీద ఇళ్లూ పశువుల కొట్టాలూ కట్టారు. పెద్ద వరద వస్తే పొలాలు మునుగుతాయి, కొంపలు మునగవు.

కోనసీమకు దిండి, పిచ్చుకలంకల పేర్లు పర్యాటకంలో కొత్త కాదు. విడిచిన లంకల్లో కాంక్రీటు గదులు మాత్రం కట్టకూడదు, అవి మళ్లీ నీటికి అడ్డమే. నవంబరు నుంచి మే వరకు కాలిబాటలు, పడవ రేవులు, పిల్లలకు పక్షుల్ని చూపించే మంచెలు చాలు. ఇసుక తిన్నెల మీద టెర్న్ పక్షులు గుడ్లు పెట్టే వేసవిలో ఆ తిన్నెల వరకు మనుషుల్ని వెళ్లనివ్వకూడదు. పడవలు నడపడం, దారి చూపడం, రెల్లు కోసి అమ్ముకోవడం లంకవాసులకే దక్కాలి.

ఈ పనికి ముందు లంకల ఎత్తుపల్లాలు కొలిచి, ఏ వరదకు ఏది మునుగుతుందో పటం గీసి గ్రామసభల్లో పెట్టాలి. పట్టా ఉన్నవారికి పరిహారం ఎంత, కౌలుకు చేసేవారికి, కూలికి వెళ్లేవారికి ఏమిస్తారో ఆ సభల్లోనే రాతపూర్వకంగా తేల్చాలి. ఇప్పటికే ఇసుక మేట వేసి సాగు ఆగిపోయిన నేలతో మొదలుపెడితే ఎవరి పంటా పోదు. ఒకటి రెండు వరదల్లో గడ్డి ఎంత నిలిచింది, ఎగువన నీటిమట్టం ఎలా మారింది కొలిచి చూశాకే మిగతా పల్లాల సంగతి తేల్చుకోవచ్చు.