సజ్దా మనతోనే మొదలు కాలేదు

నర్సంపేటలో ఒక జుమా నమాజు ముగిశాక, మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూర్చుని నమాజు చేసే ఒక పెద్దాయన వాపోయారు: "నుదురు నేలకు ఆనకపోతే అది సజ్దా ఎలా అవుతుంది బేటా?" సజ్దా విలువ ఎరిగిన వారికే ఆ బాధ కలుగుతుంది.

సజ్దా మన ఉమ్మత్‌తో మొదలైనది కాదు. రుకూ చేసేవారితో కలిసి రుకూ చేయమన్న ఆదేశం (బఖరా: 43) ఇస్రాయీల్ సంతతిని ఉద్దేశించి చెప్పిన మాటల్లోనే ఉంది. హజ్రత్ మర్యమ్‌కూ సజ్దా, రుకూల ఆజ్ఞ అందింది (ఆలి ఇమ్రాన్: 43).

యూదులంటే మనకు మరీ దూరపువారేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను ఎఫ్రాయీము సంతతిగా చెప్పుకునే తెలుగువారు 1991లో సినగాగు కట్టుకున్నారు. ఆ యూదుల ప్రాచీన గ్రంథాలు చూడండి. సులైమాన్ (అలై) మోకాళ్లూని, ఆకాశం వైపు చేతులు చాచి ప్రార్థించారని రాజుల గ్రంథంలో ఉంది. జనమంతా చేతులెత్తి, తలలు వంచి, ముఖాలు నేలకు ఆనించారని నెహెమ్యా గ్రంథం చెబుతుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో మరో ముచ్చట. ప్రాయశ్చిత్త దినాన జెరూసలేం ఆలయంలో ప్రధాన యాజకుడు దైవనామం ఉచ్చరించగానే జనమంతా సాగిలపడేవారు. నిలబడినప్పుడు ఇరుకే, సాగిలపడితే మాత్రం చోటు సరిపోయేదట! దాన్ని అద్భుతాల్లో ఒకటిగా లెక్కించారు. ఈద్గాలో చోటు కోసం సర్దుకునే మనకు ఆ మాట బాగానే బోధపడుతుంది.

క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఆలయాన్ని కూల్చారు. రాతినేలపై సాష్టాంగపడటం ఆలయానికే చెల్లుతుందని యూద పండితులు నిర్ణయించారు. ఇక నిలబడి చేసే 'అమీదా' ప్రధానమైంది. పాదాలు జోడించి, జెరూసలేం వైపు తిరిగి, నాలుగుచోట్ల నడుము వంచి, చివర మూడడుగులు వెనక్కి వేస్తారు. పూర్తి సజ్దా ఏడాదిలో కొద్ది పవిత్ర దినాలకే మిగిలింది. అప్పుడూ రాతినేలైతే కింద గుడ్డ పరుస్తారు. ఈజిప్టులో మూసా బిన్ మైమూన్ కుమారుడు ఇబ్రాహీం (మరణం 1237) సజ్దాను నిత్య ప్రార్థనలోకి మళ్లీ తేవాలని ప్రయత్నించాడు. సొంతవారే ఎదురు తిరిగారు.

స్థలం పోవడంతో వారి సజ్దా కుదించుకుపోయింది. మనకు భూమి అంతా సజ్దా స్థలమేనని దైవప్రవక్త (స) తెలిపారు. శరీరం సహకరించని వారి సంగతీ మరువలేదు. మూలవ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)తో, నిలబడి చేయమనీ, చేతకాకపోతే కూర్చునీ, అదీ కాకపోతే పక్కకు ఒరిగీ నమాజు చేయమనీ అన్నారు. బుఖారీలో ఉన్న హదీసు ఇది.

కుర్చీలో ఉన్నవారు రుకూ కన్నా సజ్దాకు కాస్త ఎక్కువ వంగితే చాలు. ఎదుట బల్ల వేసుకుని దానికి నుదురు ఆనించాల్సిన పని లేదని మన ఫిఖ్ పండితులు చెబుతారు.