బ్లాక్‌చెయిన్‌కూ ఒక చిత్తు పుస్తకం

లెక్కను ముందు చిత్తు పుస్తకంలో చేసి, సరిచూసుకుని, ఆ తరువాతే జవాబు పత్రంలో రాస్తారు కదా! ఎందుకని? సిరాతో రాసింది చెరపలేం కనుక.

బ్లాక్‌చెయిన్ అంటే వేల కంప్యూటర్లు తలా ఒక నకలు ఉంచుకునే ఖాతా పుస్తకం. అందులోకి ఎక్కిన పద్దును చెరపడం దాదాపు అసాధ్యం. 2015లో మొదలైన ఇథీరియంలో పద్దులే కాక ప్రోగ్రాములు కూడా ఎక్కుతాయి. మరి వాటిలో తప్పు ఉంటే?

2016 జూన్‌లో అదే జరిగింది. 'ది డావో' అనే ప్రోగ్రాము అడిగినవారికి ముందు సొమ్ము చెల్లించి, ఆ తరువాత ఖాతాలో తగ్గించేది. ఆ రెండింటి నడుమ ఎవరో మళ్లీ మళ్లీ అడిగారు. సుమారు 36 లక్షల ఈథర్ నాణేలు తరలిపోయాయి! వాటిని వెనక్కు తెచ్చే ప్రయత్నంలో ఆ గొలుసే రెండుగా చీలింది.

అందుకే ప్రోగ్రాము రాసేవారు ముందుగా తమ కంప్యూటరులోనే చిన్న గొలుసును నడుపుతారు. హార్డ్‌హ్యాట్ అనే సాధనానికి ఒక్క ఆదేశం ఇస్తే చాలు, 20 ఖాతాలు, ఒక్కొక్కదానిలో 10,000 ఉత్తుత్తి ఈథర్లు సిద్ధం. అసలు గొలుసులో కొత్త బ్లాకుకు సుమారు 12 సెకన్లు పడుతుంది. ఇక్కడ లావాదేవీ పంపగానే బ్లాకు తయారు. ఒక ఖాతాను దొంగగా నిలిపి, మన ప్రోగ్రామును మనమే దోచి చూడవచ్చు. ఆపి మళ్లీ మొదలుపెడితే తుడిచిన పలకే!

ఒక హెచ్చరిక. ఈ ఖాతాల రహస్య తాళాలు అందరికీ తెలిసినవే. అసలు సొమ్ము వాటిలో వేస్తే పోయినట్లే. ఇంకో మాట. చిత్తు పుస్తకం మనం వేసిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. వేయని ప్రశ్నలోని తప్పు అలాగే దాగి ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి: 'ది డావో'లో ఏ రెండు పనుల వరుస మార్చి ఉంటే ఆ దొంగతనం తప్పేది?