పక్క ఆటలో దొరికిన పాఠం

ఫుట్‌బాల్ కోచ్‌కి బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర పనేమిటి? 2018 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ గారెత్ సౌత్‌గేట్ అమెరికా వెళ్ళి, మినియాపొలిస్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసొచ్చాడు. ఇరుకు చోట అందరూ తోసుకుంటుంటే ఒక ఆటగాడు అడ్డుగా నిలబడి తనవాడికి దారి ఎలా చేసిస్తాడన్నది ఆయనకి కావాలి. ఆ వేసవిలో రష్యాలో ప్రపంచ కప్ జరిగింది. కార్నర్ కిక్ కొట్టేముందు ఇంగ్లండ్ ఆటగాళ్ళు రేషన్ షాపు ముందు క్యూ కట్టినట్టు ఒకరి వెనక ఒకరు నిలబడి, బంతి లేవబోయేసరికి తలో దిక్కుకీ చెదిరిపోయేవారు. అవతలి జట్టుకి ఎవర్ని పట్టుకోవాలో తోచేది కాదు. ఆ టోర్నమెంట్‌లో ఇంగ్లండ్ కొట్టిన 12 గోల్స్‌లో 9 ఇలా ఆట ఆగి మళ్ళీ మొదలైనప్పుడు, అంటే కార్నర్లు, ఫ్రీ కిక్‌లు, పెనాల్టీల వల్ల వచ్చినవే. సెమీ ఫైనల్లో క్రొయేషియా చేతిలో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.

ఈ కథ చాలామంది చెప్పుకున్నారు. గోల్స్ కథ కాబట్టి చెప్పుకుంటారు మరి! ఆడపిల్లల్ని గ్రౌండుకి పంపే తల్లులకి మాత్రం ఇంతకన్నా అవసరమైన కథ ఇంకొకటుంది. అది నార్వేలో, హ్యాండ్‌బాల్ కోర్టులో మొదలైంది.

హ్యాండ్‌బాల్ అంటే వైపుకి ఏడుగురు చొప్పున ఉండి, చేత్తో బంతి విసిరి గోల్ చేసే ఆట. నార్వే ఆడవాళ్ళకి ఈ ఆటంటే ప్రాణం. 2008, 2012, 2024 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు వాళ్ళవే. అయితే 1990ల్లోనే అక్కడి వైద్యులకి ఒక సంగతి కంటబడింది. మోకాలి మధ్యలో తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టే గట్టి తాడులాంటిది ఒకటి ఉంటుంది. ఏ.సి.ఎల్. అంటారు. అది మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువగా తెగిపోతోంది. తెగితే చాలామందికి ఆపరేషన్ తప్పదు. మళ్ళీ ఆటలోకి రావాలంటే తొమ్మిది నెలలో, ఏడాదో.

ఎలా తెగుతోందా అని మ్యాచ్‌ల వీడియోలు ఆపి ఆపి చూశారు. ఎవరో వచ్చి గుద్దితే అనుకుంటాం కదూ? చాలాసార్లు మోకాలికి ఎవరూ తగలనే లేదు! పరుగెత్తే పిల్ల కాలు నేలకి తన్నిపెట్టి చటుక్కున పక్కకి తిరిగింది, లేదా ఎగిరి గోల్ వేసి ఒంటికాలి మీద దిగింది. ఆ క్షణంలో మోకాలు వంగకుండా దాదాపు నిటారుగా ఉండి, లోపలి వైపుకి వాలిపోయింది. అంతే.

అలాంటప్పుడు దిగడం, తిరగడం నేర్పితే సరి కదా! గ్రెథె మిక్‌లెబుస్ట్ అనే ఫిజియోథెరపిస్ట్, ఆమెతో పనిచేసినవాళ్ళు మహిళా హ్యాండ్‌బాల్ జట్లకి అదే నేర్పించారు. ఊగే పలక మీద నిలబడటం, మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం, మోకాలు పాదానికి సూటిగా ఉండేలా చూసుకోవడం. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. పై స్థాయి జట్లలో శ్రద్ధగా చేసినవాళ్ళకి ఈ గాయాలు తగ్గాయి. 2005లో 15 నుంచి 17 ఏళ్ళ హ్యాండ్‌బాల్ పిల్లలు 1,837 మందితో చేసిన ఇంకో పరిశోధనలో మోకాలు, చీలమండ గాయాలు సగానికి దగ్గరగా పడిపోయాయి.

ఆ పాఠాన్ని ఫుట్‌బాల్ తెచ్చుకుంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, ఓస్లోలోని ఆ పరిశోధకులూ కలిసి 'ఎలెవెన్ ప్లస్' అని ఇరవై నిమిషాల వార్మప్ తయారుచేశారు. నార్వేలోనే 13 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మందితో పరీక్షించి 2008లో ప్రకటించారు. వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు మూడో వంతు దాకా తగ్గాయి, తీవ్రమైనవి దాదాపు సగం. దీనికి ఖరీదైన సరంజామా కూడా అక్కర్లేదు. అందులో ఒకటుంది చూడండి: ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా ఒంటికాలి మీద నిలబడి, ఒకర్నొకరు తూలేలా నెట్టుకోవాలి. మన ఇళ్ళల్లో అన్నాచెల్లెళ్ళు చేసి తిట్లు తినే అల్లరే!

మరి అన్నిచోట్లా ఎందుకు చేయించరు? స్కూలు గ్రౌండులో దొరికేది గంట. అందులో ఇరవై నిమిషాలు బంతి ముట్టకుండా గడపాలంటే మాస్టారికీ మనసొప్పదు, పిల్లలకీ విసుగే. ఆ ఇరవై నిమిషాలకి గోల్స్ లెక్కలో చోటు లేదు మరి. తెగని మోకాలికి ఎవరూ కప్పు ఇవ్వరు.

మన ఇళ్ళ సంగతి మనకి తెలుసు. మగపిల్లాడి కాలు బెణికితే "ఆటన్నాక మామూలే" అంటారు. ఆడపిల్ల మోకాలికి ఆపరేషనంటే మాత్రం డబ్బుతో పోదు. "పెళ్ళి కావలసిన పిల్లకి ఈ గంతులెందుకు?" అనడానికి నాయనమ్మ దగ్గర్నుంచీ పక్కింటావిడ దాకా కాచుకుని ఉంటారు. బూట్లు అటకెక్కుతాయి, అంతటితో సరి. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టు జెర్సీ వేసుకుంది. 2025 జూలైలో మన మహిళా జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఇవన్నీ చూసి ఆడతామనే పిల్లలు మన ఊళ్ళల్లోనూ పెరుగుతారు. ఆ ఆట ఒక్క తప్పుడు అడుగుతో ఆగిపోతే ఎలా?

మన కోచ్‌లు హ్యాండ్‌బాల్ కోసం నార్వే దాకా వెళ్ళక్కర్లేదు. అదే గ్రౌండులో ఓ పక్క వాలీబాల్ కోర్టు ఉంటుంది. స్మాష్ కొట్టిన పిల్ల రెండు కాళ్ళ మీద దిగిందా, ఒంటికాలి మీదా? ఖో-ఖోలో స్తంభం దగ్గర గిర్రున తిరిగే పిల్ల, కబడ్డీలో గీత వైపు చటుక్కున మళ్ళే పిల్ల కాలు ఎక్కడ, ఎలా పెడుతున్నారు? బంతిని, స్కోరుని వదిలేసి పది నిమిషాలు మోకాళ్ళనే చూస్తే చాలా తెలుస్తుంది.

ఆ చూపు తల్లులకీ కష్టం కాదు. సాయంత్రం ప్రాక్టీసు దగ్గరికి వెళ్ళినప్పుడు పిల్లలు ఎగిరి దిగడం గమనించండి. మోకాళ్ళు రెండూ గుసగుసలు చెప్పుకుంటున్నట్టు లోపలికి ఒరుగుతున్నాయా? అయితే, "మాస్టారూ, ఎగరడం బాగా నేర్పారు, దిగడం ఎప్పుడు నేర్పుతారు?" అని అడగడానికి మొహమాటపడకండి.