మీకు తెలుసా? సిమ్ రౌటర్‌కు సరైన చోటు కిటికీ పక్కనే!

తీగ లాగకుండానే ఇంటికి నెట్ తెచ్చే సిమ్ రౌటర్‌లో రెండు రేడియోలుంటాయి. ఒకటి టవర్ నుంచి 4జీ, 5జీ సిగ్నల్ అందుకుంటుంది. రెండోది దాన్ని వైఫైగా ఇంట్లో పంచుతుంది. అందుకే ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ నత్తనడక నడవొచ్చు. ఆ గీతలు చెప్పేది రౌటర్‌కూ ఫోన్‌కూ మధ్య సంగతి మాత్రమే.

టవర్ సంగతి తెలియాలంటే రౌటర్ సెట్టింగుల్లో ‘ఆర్‌ఎస్‌ఆర్‌పీ’ అంకె చూడండి. మైనస్ 80 దగ్గరుంటే భేష్, మైనస్ 110 దాటితే నీరసమే. అసలు విశేషం ఇక్కడుంది: మైనస్ 90 నుంచి మైనస్ 100కి పడిపోతే సిగ్నల్ శక్తిలో మిగిలేది పదో వంతే! టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో ఉన్న రౌటర్‌ను టవర్ వైపు కిటికీ దగ్గరికి జరపడం పైసా ఖర్చులేని వైద్యం. అద్దానికి లోహపు పూత ఉంటే మాత్రం కిటికీ కూడా అడ్డుగోడే.

అన్ని తరంగాలూ ఒకటి కావు. 700 మెగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటి చాలా దూరం వస్తుంది. 3500 మెగాహెర్ట్జ్‌తో నెట్ వేగం ఎక్కువ, గోడల్లోంచి చొచ్చుకొచ్చే శక్తి తక్కువ.

ఇలాగే తీగ లేకుండా ఇంటికి నెట్ ఇచ్చే జియో ఎయిర్‌ఫైబర్ సేవ 2023 సెప్టెంబరు 19న హైదరాబాద్ సహా 8 నగరాల్లో మొదలైంది. దాని యాంటెన్నాను ఇంటి బయట, డాబా మీద బిగించేది ఈ గోడల బెడద తప్పించడానికే.

ఎక్కువ ధర ప్లాన్‌కు మారేముందు ఒక్కసారి రౌటర్‌ను జరిపి, ఆ అంకె చూడండి.