సముద్రం లేని జిల్లా నుంచి బీచ్ ట్రిప్: ఫోన్ పని ఇంటి దగ్గరే అయిపోవాలి

మా వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారి ఒక రీల్ తిరుగుతుంది. తెల్లటి ఇండ్లు, నీలం గుమ్మటాలు, పడక కుర్చీలో కాళ్లు చాపుకొని సముద్రాన్ని చూస్తున్న ఒకాయన. గ్రీసు దేశంలోని శాంటొరిని దీవి. కింద మా గోదావరిఖని దోస్తు మెసేజ్: "పోదామారా?" దాని కింద మంచిర్యాల దోస్తు: "వీసా ఫీజే 90 యూరోలట. ఇంక ఫ్లైట్ రేటు అడగకు." చివరికి ఉట్నూరు తమ్ముడు ఎప్పటిలాగే తేల్చేస్తాడు: "అన్నా, మన ఎల్‌ఎండీ కట్ట మీద కూసుందాం. మనకు గదే సముద్రం."

నిజమే, లోయర్ మానేరు డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు సాయంత్రం కట్ట మీద కూర్చుంటే అవతలి ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తుంది. కానీ అల ఉండదు, ఉప్పు గాలి ఉండదు. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకి సముద్రం అంటే ఒక రాత్రి రైలు ప్రయాణం. అందుకే ఈసారి ఫిక్స్ అయ్యాం. బాపట్ల దగ్గర సూర్యలంక. మూడు రోజులు. గుడులు లేవు, సైట్ సీయింగ్ లేదు, ఉదయం లేచి ఒడ్డున కూర్చోవడమే ప్రోగ్రాం.

ఫోన్ల రివ్యూలు రాసే చోట ఈ ట్రిప్ గోల ఎందుకు అంటారా? పోయినసారి మా ట్రిప్ ఆగమైందే ఫోన్ వల్ల. ఫోన్ తప్పు కాదు లెండి, మాదే.

పోయినసారి ఏమైందంటే

మూడేండ్ల కింద ఇదే నలుగురం, ఇదే వైపు పోయాం. ట్రిప్ డబ్బులన్నీ గోదావరిఖని దోస్తుకి పంపేశాం, లెక్క ఒక దగ్గరే ఉంటుందని. రైలు టికెట్లు వాడి అకౌంట్‌లో, రూమ్ బుకింగ్ వాడి ఫోన్‌లో, యూపీఐ వాడిదే. ఫోన్ కొత్తది. ఈఎంఐ మూడు నెలలే కట్టాడు. డబ్బా మీద ఐపీ68 అని రాసి ఉంది.

"వాటర్‌ప్రూఫ్ రా బై, ఏం కాదు" అనుకుంటూ నడుము లోతు నీళ్లలోకి పోయి రీల్ తీస్తున్నాడు. ఒక అల కొట్టింది, ఫోన్ జారింది. దాని కోసం వంగాడు. వంగినోడు లేవకముందే రెండో అల వచ్చి బోర్లా తిప్పేసింది. మేం ఒడ్డున నవ్వుతున్నాం, వాడు యాక్టింగ్ చేస్తున్నాడనుకొని. వల సర్దుకుంటున్న ఒకాయన మాత్రం నవ్వలేదు. పరుగెత్తి పోయి, చొక్కా పట్టుకొని ఈడ్చుకొచ్చాడు. వాడు ఉప్పు నీళ్లు కక్కుకుంటూ కూర్చుంటే ఆయన అడిగింది ఒక్కటే: "ఏ ఊరండీ మీది?" కరీంనగర్ అని చెప్పాం. "అదే అనుకున్నా, సముద్రం లేని ఊరని" అని మళ్లీ వల దగ్గరికి పోయాడు.

ఫోన్ కాసేపటికి ఒడ్డుకే కొట్టుకొచ్చింది. స్క్రీన్ వెలుగుతోంది! అందరం చప్పట్లు కొట్టాం. రాత్రి చార్జింగ్ పెట్టాం. తెల్లారేసరికి డెడ్. మిగతా ముగ్గురి దగ్గరా కలిపి ఆరు వందలు ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేసి, నాన్నతో తిట్లు తిని, డబ్బులు వేయించుకొని వచ్చాం. సర్వీస్ సెంటర్‌లో ఫోన్ విప్పి లోపలి స్టిక్కర్ ఎర్రబడిందని చూపించారు. లిక్విడ్ డ్యామేజ్, వారంటీ లేదు. వాడు తర్వాత చాలా నెలలు పని చేయని ఫోన్‌కి ఈఎంఐ కట్టాడు.

ఐపీ68 సముద్రం కోసం కాదు

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. 6 అంటే దుమ్ము అస్సలు పోదు. 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకన్నా కఠినం, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పాలి. ఈ టెస్ట్ చేసేది ల్యాబ్‌లో, మంచి నీళ్లలో, కదలకుండా నిలబడిన నీళ్లలో, కొత్త ఫోన్ మీద. సూర్యలంకలో ఈ నాలుగూ ఉండవు. ఈ మధ్య మిడ్ రేంజ్ ఫోన్లకి కూడా ఐపీ69 అని వేస్తున్నారు. అది వేడి నీళ్లని ప్రెషర్‌తో కొట్టే టెస్ట్. వినడానికి గట్టిగా ఉంటుంది కానీ అందులోనూ ఉప్పు లేదు.

ఇది నా సొంత గోల కాదు. ఆస్ట్రేలియాలో వినియోగదారుల హక్కుల సంస్థ ఏసీసీసీ, శామ్‌సంగ్ మీద కోర్టుకి పోయింది. కొన్ని గెలాక్సీ ఫోన్లని స్విమ్మింగ్ పూల్‌లో, సముద్రంలో వాడొచ్చన్నట్టు యాడ్స్ చూపించారని. తడి ఆరకముందే చార్జింగ్ పెడితే పోర్ట్ తుప్పు పట్టే ప్రమాదం ఉందన్నది అసలు పాయింట్. 2022 జూన్‌లో ఆ దేశ ఫెడరల్ కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మా దోస్తు ఫోన్ కథ కూడా అచ్చం అదే. నీళ్లు చంపలేదు, రాత్రి పెట్టిన చార్జర్ చంపింది. ఉప్పు నీళ్లలో కరెంటు బాగా పారుతుంది. పోర్ట్ పిన్నుల మీద ఉప్పు తడి ఉండగా చార్జర్ గుచ్చితే అక్కడ తుప్పు మొదలవడానికి ఒక్క రాత్రి చాలు.

ఐపీ రేటింగ్ ఉన్న ఫోన్ పొరపాటున సముద్రంలో పడితే స్విచాఫ్ చేయండి, మంచి నీళ్లతో మెల్లగా కడగండి, పోర్ట్ కిందికి పెట్టి దులపండి, గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరేదాకా చార్జర్ ముట్టొద్దు. రేటింగ్ లేని ఫోన్ అయితే స్విచాఫ్ చేసి, తుడిచి, నేరుగా రిపేర్ షాపుకే. బియ్యంలో పెట్టడం మన ఇండ్లల్లో పాత అలవాటు. కానీ బియ్యం పిండి, నలుసులు పోర్ట్‌లోకి పోయి ఇంకా చెడగొడతాయి. ఆపిల్ కూడా బియ్యం వద్దని తన సపోర్ట్ పేజీలో రాసింది.

ఎప్పుడు పోవాలి, ఎట్ల పోవాలి

గ్రీసు దీవులకి జనం ఎండాకాలంలో పోతారు. మన తీరానికి అది ఉల్టా. ఎప్రిల్, మేలో బాపట్ల ఎండకి ఒడ్డున పది నిమిషాలు కూర్చోలేం, ఫోన్ కూడా కూర్చోలేదు. ఐఫోన్లకి కంపెనీ చెప్పే వాడకం ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. ఎండలో ఇసుక మీద పెడితే స్క్రీన్ మసకబారుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాన్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. అందుకే మేం జనవరి చివరి వారం పెట్టుకున్నాం.

రైలు సంగతి. కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి మన అదృష్టం కొద్దీ చెన్నై మెయిన్ లైన్ మీదే ఉన్నాయి. విజయవాడ, తెనాలి దాటాక బాపట్ల, ఆ తర్వాత చీరాల. అన్ని రైళ్లూ బాపట్లలో ఆగవు, కాబట్టి చీరాల కూడా వెతకండి. రెండింటి మధ్య దూరం 15 కిలోమీటర్లే. ఆదిలాబాద్ వాళ్లకి తిరుపతి పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఉంది. నిజామాబాద్ వైపు తిరిగి పోతుంది కాబట్టి టైమ్ ఎక్కువ పడుతుంది, కానీ ఒక్కసారి ఎక్కితే అదే రైలు. బాపట్ల స్టేషన్ నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. బీచ్ ఒడ్డునే టూరిజం శాఖ వాళ్ల హరిత రిసార్ట్ ఉంది.

బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది. 2024 నవంబర్‌కి ముందు 120 రోజులు ఉండేది, పాత వీడియోలు చూసి మోసపోవద్దు. తత్కాల్ మీద ఆశ ఉంటే ఐఆర్‌సీటీసీ అకౌంట్‌ని ఆధార్‌తో ముందే వెరిఫై చేసుకోండి. ఉదయం పదింటికి ఓటీపీ కోసం కొట్లాడే పని వద్దు.

బకెట్ టెస్ట్

ఇది ఈ ఆర్టికల్‌లో నాకు నచ్చిన భాగం. ఆన్‌లైన్‌లో రెండు వందలకి వాటర్‌ప్రూఫ్ పౌచ్ దొరుకుతుంది. రాగానే ఫోన్ పెట్టకండి. లోపల టిష్యూ పేపర్ పెట్టి, క్లిప్ వేసి, బకెట్‌లో ముంచి పైన ఇటుక పెట్టండి. అరగంట తర్వాత తీసి చూడండి. మేం కొన్న నాలుగింట్లో ఒకదాని టిష్యూ మూల తడిసింది. అది ఇప్పుడు మా అమ్మ రేషన్ కార్డు పెట్టుకునే కవర్. మిగతా మూడు పాసయ్యాయి. అయినా పౌచ్‌ని ఇసుక, తుంపర, జారిపడటం, వీటికోసమే నమ్ముతాం. ఈత కొట్టడానికి కాదు. నీళ్లలో టచ్ సరిగ్గా పని చేయదు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసే ఆప్షన్ ఆన్ చేసి పెట్టుకోండి.

ఇక డబ్బులు. ఈసారి నలుగురి ఫోన్లలోనూ డబ్బులు ఉంటాయి. ప్రతి ఒక్కరి బ్యాగులో, ఫోన్‌తో కాకుండా వేరేగా, రెండు వేల నోట్లు... అంటే రెండు వేల రూపాయల నోట్లు, ఆ పింక్ నోటు కాదు. నెట్ సరిగ్గా లేకపోతే బ్యాంకుకి లింక్ అయిన నంబర్ నుంచి *99# కొట్టి కూడా యూపీఐ చేయొచ్చు, నెమ్మదిగా అయినా పని అవుతుంది. టికెట్ల ప్రింట్ రెండు కాపీలు, ఒరిజినల్ ఐడీ కార్డులు, ఇంటి నంబర్లు రాసిన ఒక కాగితం. కాగితం అంటే తమ్ముడు నవ్వాడు. వాళ్ల నాన్న నంబర్ చెప్పమంటే చెప్పలేకపోయాడు.

గూగుల్ మ్యాప్స్‌లో బాపట్ల, చీరాల ఏరియా ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేశాం. ఫోటోలన్నీ బయల్దేరే ముందు రోజే ఇంటి వైఫైలో బ్యాకప్. ఫైండ్ మై ఫోన్ ఆన్. ఐఎంఈఐ నంబర్ రాసి ఇంట్లో పెట్టాం. ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయడానికి అదే కావాలి.

సముద్రం కబురు హైదరాబాద్ నుంచి

చాలామందికి తెలియని ముచ్చట ఒకటి. దేశం మొత్తానికి సముద్రం హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్, సముద్రం లేని మన తెలంగాణలోనే, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి అక్కడే నడుస్తోంది. ఎత్తైన అలలు, ఉప్పెన లాంటి అలర్ట్‌లు తీర ప్రాంతాల వారీగా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి, 'సముద్ర' అని యాప్ కూడా ఉంది. వాతావరణం కోసం ఐఎండీ వాళ్ల 'మౌసమ్', హెచ్చరికల కోసం ఎన్‌డీఎంఏ వాళ్ల 'సచేత్'. మూడూ ఇంటి దగ్గరే ఇన్‌స్టాల్ చేసి, నోటిఫికేషన్లు ఆన్ చేసుకున్నాం. ఒడ్డున ఎర్ర జెండా ఉంటే, పోలీసులు వద్దంటే, యాప్ ఏం చెప్పినా సరే, నీళ్లలోకి పోం.

కడెం కాలువలో, గోదావరిలో ఈత వచ్చు కదా అని ధైర్యం చేసేవాళ్లకి ఒక మాట. మనకి తెలిసిన నీళ్లు ఒకే దిక్కు పారుతాయి. సముద్రంలో అల ఒడ్డుకి వస్తుంటే, పక్కనే సన్నటి పాయగా నీళ్లు లోపలికి గుంజుతుంటాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. పైకి చూస్తే అలలు లేని ప్రశాంతమైన చోటులా ఉంటుంది, కొత్తవాళ్లు సరిగ్గా అక్కడికే పోతారు. చిక్కితే ఒడ్డు దిక్కు కొట్లాడొద్దు, ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, గుంజుడు తగ్గాక బయటికి రావాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాల దూకకుండా ఖాళీ డబ్బానో తాడో విసరాలి, 112కి కాల్ చేయాలి.

దానికోసమే ఒక రూల్ పెట్టుకున్నాం. ముగ్గురు నీళ్లలో ఉంటే ఒకరు ఒడ్డున, చేతిలో ఒకే ఒక్క ఫోన్, ఫుల్ చార్జ్‌తో. మిగతావి రూమ్‌లో. ఒడ్డున ఉన్నవాడు రీల్స్ చూడకూడదు, మనుషుల్ని చూడాలి. మోకాళ్ల లోతు దాటితే ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు.

ఫోటోల మీద ఆశ ఉన్నవాళ్లకి: శాంటొరిని రీల్స్ చూసి సాయంత్రం సముద్రంలో సూర్యుడు మునుగుతాడని అనుకోకండి. సూర్యలంక బంగాళాఖాతం ఒడ్డు, అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. జనవరిలో ఆరున్నర దాటాక. ఆరింటికే ఒడ్డున ఉంటే ఆకాశం రంగు మారడం, పడవలు తిరిగి రావడం రెండూ దొరుకుతాయి. స్క్రీన్ మీద సూర్యుడి పక్కన నొక్కి ఎక్స్‌పోజర్ కొంచెం కిందికి లాగండి, లెన్స్‌ని ముందు మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పు తుంపర పట్టిన లెన్స్‌తో ఎంత ఖరీదైన ఫోన్ అయినా మంచు పట్టినట్టే తీస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే స్క్రీన్ నల్లగా కనిపించొచ్చు, ఫోన్ పోయిందని గాభరా పడకండి.

టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి, పెద్దపల్లి నుంచి చీరాల. గోదావరిఖని దోస్తు ఈసారి కీప్యాడ్ ఫోన్ తెస్తానంటున్నాడు, అందులో మెమొరీ కార్డ్ వేసి పాటలు ఎక్కించాడట. రూమ్ బుకింగ్ మంచిర్యాల దోస్తు పేరు మీద. మొదటి రోజు ఒడ్డున ఫోన్ డ్యూటీ ఎవరిదని గ్రూపులో అడిగితే, రెండు రోజులుగా ముగ్గురివీ బ్లూ టిక్కులే, జవాబు లేదు.