‘సిన్స్’ ఎక్కడ? ‘ఫర్’ ఎక్కడ?

ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టు యువకుడు తన అనుభవమును గూర్చి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని వ్రాయుట తరచుగా చూచుచుందుము. మాటలన్నియు తెలిసినవే, వాక్యము మాత్రము తప్పు. చదువు అధికారికి అయిదేండ్ల అనుభవముకంటె ఆ తప్పే ముందుగా కనబడును.

దీనికి మూలము మన ‘నుండి’. ‘సోమవారమునుండి జ్వరము’ అందుము. ‘నాలుగు దినములనుండి జ్వరము’ అనియు అందుము. మొదటిది జ్వరము తగిలిన నాడు, రెండవది అది సాగిన కాలము. రెండింటికిని మనకు ఒక్క మాటయే చాలును. హిందీలోని ‘సే’, జర్మను భాషలోని ‘జైట్’ కూడ ఇట్టివే. కావున ఈ పొరపాటు మనదొక్కరిదే యని చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

ఇంగ్లీషు ఈ రెండింటిని వేరుచేయును. మొదలైన నాటిని చెప్పునపుడు ‘సిన్స్’: సిన్స్ మండే, సిన్స్ 2019. కాలపు కొలతను చెప్పునపుడు ‘ఫర్’: ఫర్ ఫోర్ డేస్, ఫర్ ఫైవ్ ఇయర్స్. సందేహము కలిగినచో ఇట్లు చూడవచ్చును: ఆ మాట పంచాంగములో వ్రేలుపెట్టి చూపదగినదా, లేక వ్రేళ్లపై లెక్కింపదగినదా? చూపదగినదైన ‘సిన్స్’, లెక్కింపదగినదైన ‘ఫర్’.

ఇంతటితో చిక్కు తీరలేదు. క్రియ కూడ మారవలెను. మన ‘పనిచేయుచున్నాను’ ఇచ్చట ‘హావ్ బీన్ వర్కింగ్’ అగును. ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నచో వ్యాకరణదోషము లేదు గాని, ఆ యుద్యోగము వదలివేసినట్లు అర్థము వచ్చును. కొలువులో నున్నవాడు తన చేతితోనే రాజీనామా వ్రాసికొన్నట్లే!

‘ఫ్రమ్’ సంగతి తేలిక. ‘ఫ్రమ్ టెన్ టు ఫైవ్’ అని మొదలును తుదిని కలిపి చెప్పుటకును, ‘ఫ్రమ్ టుమారో’ అని రాబోవు దానిని చెప్పుటకును అది తగును.

గడువుల విషయమున ‘బై’, ‘టిల్’ అనునవి ఇట్లే తికమకపెట్టును. ‘లోగా’ అనునది ‘బై’. ‘వరకు’ అనునది ‘టిల్’. అద్దె శుక్రవారములోగా ఇచ్చెదనని చెప్పదలచి ‘ఐ విల్ పే టిల్ ఫ్రైడే’ అని వ్రాసిన, శుక్రవారము వరకు ఇచ్చుచునే యుందునని ఇంటివాడు సంతోషింపవచ్చును. ‘శుక్రవారము వరకు కట్టవచ్చును’ అని గడువును కూడ మనము ‘వరకు’తో చెప్పుటయే ఇందుకు కారణము. ఇక ‘బై ఫ్రైడే’ అన్న, ఆ శుక్రవారము గడువులో చేరునా చేరదా? సామాన్యముగా చేరును. అయినను వాదమునకు తావీయకుండుటకై ఒప్పంద పత్రములలో ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని వ్రాయుదురు.