చేతికి మించని పని: ఇంటి నుంచి సాగే కళావ్యాపారంలో సమతూకం

హైదరాబాద్‌కు తూర్పు వాకిలి ఉప్పల్. వరంగల్ రహదారి ఇక్కడి నుంచే ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామల మీదుగా సాగిపోతుంది. ఆ దారికి చేరువలోనే ఇకత్ చీరలకు పేరుపడిన పోచంపల్లి, ఇత్తడి పనికి ప్రసిద్ధమైన పెంబర్తి, నకాశీ పటాల చేర్యాల ఉన్నాయి. ఉప్పల్‌ను ఆనుకుని నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు విస్తరించగా, నాచారంలో నందమూరి తారక రామారావు 1976లో నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియో ఈ ప్రాంతానికి కళారంగంతోనూ బంధుత్వం కలిపింది. చేతిపని ఊళ్లకు, కార్ఖానాలకు, నగరపు కొనుగోలుదారులకు నడుమ ఉన్న ఇలాంటి చోట మగ్గం వర్క్ జాకెట్లు, పట్టుదారపు గాజులు, పుట్టినరోజు కేకులు, పెళ్లి కానుకలు, గోడ చిత్రాలు తయారుచేసే చిన్న వ్యాపారాలు ఇళ్లలోనే మొలకెత్తడం సహజం. ఊహ, రూపకల్పన, చేతి నైపుణ్యం ప్రధాన పెట్టుబడిగా ఉండి, యజమానే పనివాడిగా, తరచుగా ఏకైక పనివాడిగా కూడా ఉండే వ్యాపారాన్ని సృజనాత్మక చిన్న వ్యాపారం అనవచ్చు.

ఇలాంటి వ్యాపారాన్ని మొదలుపెట్టేవారికి ఎదురయ్యే తొలి చిక్కు పెట్టుబడి అనుకుంటారు గాని, చాలామందిని మధ్యలో ఆపేసేది సమతూకం లోపించడమే. సమతూకం అనగానే రోజులో ఇన్ని గంటలు పనికి, ఇన్ని గంటలు ఇంటికి అన్న పంపకం గుర్తుకు వస్తుంది. దుకాణానికి షట్టరు ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పంపకం కొంతవరకు సాధ్యమే. ముందు గదిలోనే మగ్గం, వంటగదిలోనే కేకుల ఓవెన్, చేతిలోని ఫోన్‌లోనే కస్టమర్లు ఉన్నప్పుడు పని ఎక్కడ ముగిసి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అందువల్ల ఈ వ్యాపారాల్లో సమతూకం పని చేసేటప్పుడు తేలే విషయం కాదు. ఎంత పనిని, ఏ ధరకు, ఏ గడువుకు ఒప్పుకుంటున్నామన్న నిర్ణయంలోనే అది చాలావరకు తేలిపోతుంది.

మగ్గం చెప్పే లెక్క

ఈ మాటను మగ్గం వర్క్ ఉదాహరణతో పరిశీలించవచ్చు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను బిగువుగా లాగి కట్టి, కొనకు చిన్న కొక్కెం ఉండే ఆరీ సూదితో పైనుంచి కింది దారాన్ని అందుకుంటూ జరీ, పూసలు, కుందన్‌లు కూర్చే పని ఇది. దీనికి ముందే ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, వాటి మీద పొడిని రుద్ది ఆ రూపాన్ని గుడ్డ మీదికి దించాలి. మెడ, వీపు, రెండు చేతులు నిండుగా పని ఉన్న జాకెట్టుకు గంటల తరబడి నేల మీద కూర్చుని, మెడ వంచి, చూపు నిలిపి పనిచేయక తప్పదు. పూసలకు, జరీకి అయిన ఖర్చు రసీదులో కనిపిస్తుంది గాని ఈ గంటలు ఏ రసీదులోనూ కనిపించవు.

ఊహాత్మకమైన లెక్క ఒకటి వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక జాకెట్టుకు సామగ్రి 600 రూపాయలు, కుట్టుకూలి, రానుపోను ఖర్చులు 400 రూపాయలు, మగ్గం మీద పని 16 గంటలు అనుకుందాం. దాన్ని 1,800 రూపాయలకు ఇస్తే చేతికి మిగిలేది 800, అంటే గంటకు 50 రూపాయలు. నెలకు 16,000 రూపాయలు సంపాదించాలంటే 20 జాకెట్లు చేయాలి. అందుకు 320 గంటలు, అంటే ఒక్క సెలవైనా లేకుండా రోజుకు పదిన్నర గంటలకు పైగా కావాలి. అదే జాకెట్టుకు 2,600 రూపాయలు తీసుకోగలిగితే గంటకు 100 రూపాయలు పడుతుంది, అదే ఆదాయం 10 జాకెట్లకే, 160 గంటలకే వస్తుంది. మరో విధంగా చూస్తే, ధర పెంచినందువల్ల కస్టమర్లలో సగం మంది వెనుదిరిగినా చేతికి మిగిలేది తగ్గదు, నెలలో సగం పని గంటలు మిగులుతాయి. పక్క వీధిలో తక్కువకు చేస్తున్నారన్న భయంతోనో, తెలిసినవాళ్లను అడగలేమన్న మొహమాటంతోనో సొంత కూలిని ధరలో కలపనివారు ఆ లోటును నిద్రతో, పిల్లలతో గడపాల్సిన సమయంతో పూడ్చుకుంటూ ఉంటారు. కాబట్టి సమతూకానికి మొదటి మెట్టు సరైన ధర. ఆ ధరలో సామగ్రి, కూలి, కరెంటు, చెడిపోయిన సరుకు, చివరికి కొంత లాభం విడివిడిగా కనిపించాలి.

గంటలు ఎక్కడి నుంచి వస్తాయి

పై లెక్కలోని 320 గంటలు వారానికి సుమారు 75 గంటలు అవుతాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా వెల్లడించాయి. దీనికి ఇంటి చాకిరీని కూడా కలిపి చూడాలి. రోజులో ఎవరి సమయం దేనికి ఖర్చవుతోందో తెలుసుకోవడానికి భారత ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనిలో పాల్గొనేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. పదిన్నర గంటల మగ్గానికి ఐదు గంటల ఇంటి పని తోడైతే నిద్రకు, భోజనానికి, మనుషులతో మాటకు మిగిలే సమయం ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో ఉండి చేసుకునే పనే కదా అని కుటుంబం తేలికగా తీసుకునే వ్యాపారం అసలు బరువు ఇది. అందుచేత గృహిణి వ్యాపారం మొదలుపెట్టేటప్పుడు మిషను, మగ్గం కొనడానికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో, వంట, పిల్లల చదువు, పెద్దవాళ్ల మందులు ఎవరెవరు చూసుకోవాలో తేల్చుకోవడానికీ అంతే ప్రాధాన్యం ఇవ్వాలి. సమతూకం ఆమె ఒక్కతే సాధించుకోవలసిన నేర్పు అనుకోవడం అన్యాయం.

శరీరాన్ని అరగదీసే పనికి ఓర్పు ఒక్కటే విరుగుడు కాదని నిరూపించిన ఉదాహరణ ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే దారిలోనే ఉంది. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఇకత్ చీరకు రంగు అద్దే ముందు నూలును అర్ధవృత్తాకారపు చట్రంలోని మేకుల చుట్టూ క్రమంగా చుట్టడాన్ని ఆసు పోయడం అంటారు; ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. భుజాల నొప్పితో తల్లి పడుతున్న బాధను చూసి, పెద్ద చదువు లేని మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ యంత్రం చీర అందాన్ని ముట్టుకోలేదు, డిజైన్‌ను మార్చలేదు. మనిషి ఊహ అవసరం లేని, దేహాన్ని మాత్రమే హింసించే భాగాన్ని తన మీదికి తీసుకుంది. చిన్న వ్యాపారికి ఇందులో ఒక పద్ధతి దొరుకుతుంది. తన పనిలో తన చేయి మాత్రమే చేయగలిగింది ఏది, ఫాల్, పీకో, ప్యాకింగ్, డెలివరీ, లెక్కల వంటి వాటిలో మరొకరికి గాని యంత్రానికి గాని అప్పగించగలిగింది ఏది అని విడదీసుకుంటే, డిజైన్ మీద పెట్టవలసిన మనసు డిజైన్ మీదే నిలుస్తుంది.

అందుకోగల గురి

ఎంత పని ఒప్పుకోవాలన్న ప్రశ్నకు తెలుగునేల మీదే జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగం దారి చూపుతుంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ద్వారా, సాధనా ప్రేరణ శిక్షణ ఇప్పించారు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల శిక్షణాలయంగా కొనసాగుతున్నది ఆ సంస్థే. పనిని మెరుగ్గా చేయాలన్న లోపలి తపనను ఆయన సాధనా ప్రేరణ అన్నారు. ఆ శిక్షణలోని ఒక ఆటలో నేల మీద నాటిన మేకుకు రింగులు విసరాలి, ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. సాధనా ప్రేరణ బలంగా ఉన్నవారు మేకు పక్కన నిలబడరు, అదృష్టం మీదే ఆధారపడేంత దూరానికీ పోరు. శ్రమిస్తే తగిలే మధ్యస్థ దూరాన్ని ఎంచుకుంటారు. శిక్షణ పొందినవారు ఆ తరువాతి రెండేళ్లలో, పొందనివారికన్నా ఎక్కువగా వ్యాపారాలను విస్తరించి కొత్తవి ప్రారంభించారని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. నెలకు పది జాకెట్లు చేయగల చేయి పన్నెండు ఒప్పుకోవడం ఎదుగుదల. ఇరవై ఒప్పుకోవడం కస్టమరుకూ తనకూ కూడా అన్యాయం.

ఈ పరిమితిని నెలకొకలా నిర్ణయించుకోవాల్సి రావడం తెలుగువారి మార్కెట్ ప్రత్యేకత, ఎందుకంటే ఇక్కడి కొనుగోళ్లను పంచాంగం నడిపిస్తుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, ఆపై బతుకమ్మ, దసరా వరుసగా వచ్చి ఆర్డర్లు ముంచెత్తుతాయి. ఆషాఢంలో, పుష్యంలో, గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ చేరువై కనబడకుండా పోయే మూఢం రోజుల్లో పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి పని పలచబడుతుంది. ఈ ఆటుపోట్లను ముందే గుర్తించినవారు ఆషాఢంలో కొత్త డిజైన్లు గీసుకుని, నమూనాలు కుట్టి, సామగ్రి సమకూర్చుకుని, శ్రావణపు ఆర్డర్లకు సగం అడ్వాన్సుతో తేదీలు కేటాయిస్తారు. ఖాళీ నెలల ఖర్చుకు రద్దీ నెలల రాబడి నుంచే కొంత తీసి పక్కన పెడతారు. విశ్రాంతి కూడా ఈ మందకొడి రోజుల్లోనే దొరకాలి. పని ఒత్తిడి వల్ల పుట్టే అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నిర్వచిస్తూ, సత్తువ ఉడిగిపోవడం, చేసే పని పట్ల మనసు విరిగిపోవడం, పనితనం తగ్గిపోవడం అనే మూడు లక్షణాలను పేర్కొంది. ఇష్టంతో మొదలుపెట్టిన కళ మీదే మనసు విరిగితే ఆ వ్యాపారానికి ఉన్న అసలు పెట్టుబడి కరిగిపోయినట్టే.

ఉద్యోగం, అప్పు, హక్కు

ఉద్యోగాన్ని వదిలి వ్యాపారంలోకి దూకాలా, రెండింటినీ కొంతకాలం నడపాలా అన్నది ఈ ప్రాంతంలో మరీ తరచుగా ఎదురయ్యే ప్రశ్న. 2017 నవంబరులో ఉప్పల్‌కు మెట్రో వచ్చి, 2019 నాటికి ఆ మార్గం రాయదుర్గం దాకా సాగడంతో, ఐటీ ఉద్యోగానికి నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లివచ్చేవారి సంఖ్య పెరిగింది. వారికి సాయంత్రాలు, శని ఆదివారాలు మాత్రమే మిగులుతాయి కాబట్టి తొలి ఏడాది ఆ సమయానికి సరిపడే ఆర్డర్లకే కట్టుబడి, ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండి, రాబడి ఒక పండగ సీజన్‌కే పరిమితం కాకుండా ఏడాది పొడవునా నిలకడగా వస్తున్నప్పుడు ఉద్యోగం విషయం ఆలోచించడం క్షేమం. 2019లో ఉప్పల్ భగాయత్‌లో ప్రారంభమైన చిన్న శిల్పారామం వంటి చోట్ల జరిగే ప్రదర్శనలు, దుకాణం అద్దె భారం లేకుండానే కొనుగోలుదారుల అభిరుచిని పరీక్షించుకునే వీలు కల్పిస్తాయి.

మనశ్శాంతికి కాగితాల పని కూడా అవసరమే. 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ నమోదు ఆధార్ ఆధారంగా, ఉచితంగా జరుగుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవర్ 10 కోట్ల రూపాయలు మించనివన్నీ సూక్ష్మ సంస్థలే. నమోదైన చిన్న ఉత్పత్తిదారు సరుకును తీసుకున్న బొటిక్ గాని సంస్థ గాని గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. రావలసిన బాకీ కోసం ఫోన్లు చేస్తూ గడిచే రోజులు కూడా పని గంటలే కాబట్టి ఈ హక్కు తెలిసి ఉండాలి. తెలంగాణలో, రాష్ట్రంలోపలే అమ్ముకునేవారికి ఏడాది అమ్మకాలు 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. 2015లో మొదలైన ముద్రా పథకపు శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. అయితే వ్యాపారపు డబ్బుకు విడిగా బ్యాంకు ఖాతా, విడిగా చిట్టాపుస్తకం లేనిదే అప్పు జోలికి పోకపోవడం మంచిది. ఇంటి ఖర్చు, సరుకు ఖర్చు కలగలిసిన చోట లాభమో నష్టమో తెలియదు, తెలియని నష్టాన్ని పూడ్చడానికి మరింత పని నెత్తికెత్తుకోవడం మొదలవుతుంది.

చేతిపనికి గిరాకీ పెరుగుతున్న కాలమిది. ఆ గిరాకీ మగ్గం ముందు కూర్చున్న మనిషికి మేలు చేయాలంటే, తన గంటకు తానే విలువ కట్టి, చేయగలిగినంతకే మాట ఇచ్చి, ఆ మాటను నాణ్యంగా నిలబెట్టుకునే అలవాటు మొదటి ఆర్డరు నుంచే పడాలి. కొనేవారు కూడా బేరమాడే ముందు ఆ జాకెట్టు వెనుక ఎన్ని గంటలు ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి, ఇంట్లోవారు ఆ గంటలను నిజమైన పనిగా గుర్తించాలి. ఈ ముగ్గురూ తమ వంతు చేసిన ఇంట్లో వ్యాపారమూ నిలుస్తుంది, దాన్ని నడిపే మనిషీ నిలుస్తుంది.